చూసుకున్నానన్నాను

2016 సంక్రాంతి వెళ్ళిన వారం. పెదగంట్యాడలో మా చెల్లెలి ఇంటి డాబా మీద అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకుంటున్నారు. కింద వరండాలో పెద్దవాళ్ళం కూర్చున్నాం. చెల్లెలి భర్త తన కుర్చీ నా పక్కకి జరుపుకుని, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "బావా, అన్నీ చూసుకున్నావు కదా?"

"చూసుకున్నాను" అన్నాను.

నేను చూసింది ఏమీ లేదు. విన్నాను, అంతే. అబ్బాయి కువైట్‌లో వెల్డరు. నెలకి 265 దినార్లు చేతికొస్తాయి. జీతం 250 దినార్లు ఉంటే అక్కడికి భార్యని తెచ్చుకోవచ్చు. ఈ మూడు ముక్కలూ మూడు నోళ్ళ నుంచి విన్నాను. మూడూ నిజమే. వాటిని కలిపి నేను వేసిన లెక్క మాత్రం తప్పు. ఆ తప్పుకి మూల్యం కట్టాల్సినవాణ్ణి నేను. కట్టింది నా మేనకోడలు. ఇంకా కడుతూనే ఉంది.

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో 1986లో చేరి 2015లో రిటైరయ్యాను. 'గోదావరి' అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగినప్పుడు అక్కడున్నాను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినప్పుడూ ఉన్నాను. నా ఉద్యోగం క్వాలిటీ విభాగంలో. అక్కడ ఒక విడతలో కరిగే ఉక్కుని హీట్ అంటారు, ప్రతి హీట్‌కీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు బిల్లెట్‌తో పాటు నడిచి, చివరికి లారీ ఎక్కే కడ్డీల కట్టకి కట్టిన ట్యాగు మీద కూడా కనిపిస్తుంది. కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం, భాస్వరం ఎంత అన్నది ఆ నంబరు పేరున టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉండాలి. కాగితం లేని సరుకుని, చూడ్డానికి ఎంత నికార్సుగా ఉన్నా, నేను పంపనిచ్చేవాణ్ణి కాను. లారీ డ్రైవర్లు బతిమాలేవారు. కాంట్రాక్టర్లు మొహం మాడ్చుకునేవారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఒక్క విషయంలో నేను మెత్తబడలేదు. మా ఇంటి పిల్ల జీవితం దగ్గరికి వచ్చేసరికి నోటిమాట చాలనుకున్నాను.

ఎందుకలా చేశానని పదేళ్ళుగా నన్ను నేను ప్రశ్నించుకుంటున్నాను. నాకు తట్టిన జవాబు ఒకటే. అంతకు మూడేళ్ళ ముందు నేను ఒక పని బాగా చేశాను.

2013లో మా విభాగంలోనే పనిచేసి రిటైరైన ఒక మిత్రుణ్ణీ ఆయన భార్యనీ అమెరికాలో ఉన్న కొడుకు శాశ్వతంగా తన దగ్గరికి పిలిపించుకుంటున్నాడు. అతను అమెరికా పౌరుడు. ఒక చిన్న కొట్టు నడుపుతున్నాడు. ఇరవై ఒక్కేళ్ళు నిండిన పౌరుడు తల్లిదండ్రులకి దరఖాస్తు పెట్టొచ్చు. తల్లికి వేరు, తండ్రికి వేరు. ఆ దరఖాస్తు ఒప్పుకున్నాక ఇంకో కాగితం అడుగుతారు. దాని పేరు ఐ-864, పోషణ ప్రమాణపత్రం. 1996లో అమెరికా చేసిన చట్టం వల్ల పుట్టిన ఫారం అది, 1997 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. పిలిచేవాడి ఆదాయం, ఆ దేశం ఏటా ప్రకటించే పేదరిక రేఖకి నూటికి 125 వంతులైనా ఉండాలి. ఆ రేఖ ఇంట్లో తలల సంఖ్యని బట్టి మారుతుంది. కొడుకు, కోడలు, మనవడు, వచ్చే ఇద్దరూ కలిపి అయిదుగురు. ఆ ఏడు అయిదుగురి ఇంటికి కావలసింది 34,462 డాలర్లు. కొడుకు ఆదాయం పన్ను కాగితంలో 30 వేలే ఉంది.

మిత్రుడు కుదేలైపోయి నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం కూర్చుని ఆ ఫారంతో పాటు ఉండే సూచనలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాం. ఆదాయం తక్కువైతే ఆస్తి చూపించవచ్చని అందులో ఉంది. తల్లిదండ్రుల విషయంలో తక్కువైన మొత్తానికి అయిదు రెట్ల విలువ కావాలి. ఏడాదిలోగా సొమ్ము చేసుకోగలిగిన ఆస్తి అయ్యుండాలి. వచ్చే తల్లిదండ్రుల సొంత ఆస్తి కూడా లెక్కకొస్తుంది. అదీ లేకపోతే ఆ దేశంలోనే ఉంటున్న మరో పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో ముందుకొచ్చి సంతకం పెట్టవచ్చు. మాకు తగ్గింది 4,462 డాలర్లు. అయిదు రెట్లు వేస్తే 22,310. డాలరు అప్పట్లో అరవై రూపాయల చుట్టూ ఉండేది కాబట్టి పదమూడు లక్షల నలభై వేల దాకా. కూర్మన్నపాలెంలో వాళ్ళ ఫ్లాటుకి ఛార్టర్డ్ ఇంజనీరు చేత విలువ కట్టిస్తే ఇరవై ఎనిమిది లక్షలొచ్చింది. దస్తావేజుని ఇంగ్లీషులోకి మార్పించాం. కొడుకు సంతకం చేశాడు. వీసాలు వచ్చాయి.

విమానాశ్రయంలో మిత్రుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ తరవాత ఉక్కునగరంలో పొద్దుటి నడకకి వెళ్తే చాలు, వీసాల సంగతి ఎవరికి కావలసినా నన్నే అడిగేవారు. నేనూ చెప్పేవాణ్ణి. చదివి తెలుసుకున్నది ఒక దేశపు ఒక ఫారం. నాకు విదేశాల రూల్సన్నీ తెలుసని నేను నమ్మాను, చుట్టుపక్కల వాళ్ళనీ నమ్మించాను.

ఆ నమ్మకంతోనే మేనకోడలికి కువైట్ సంబంధం తెచ్చాను. మా వైపు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫుకి వెళ్ళడం కొత్తేమీ కాదు. కర్మాగారం కట్టేటప్పుడు పని నేర్చుకున్నవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళే చాలామంది తరవాత అక్కడి రిఫైనరీల పనులకి వెళ్ళారు. అబ్బాయి ఐటీఐ చదివినవాడు, నెమ్మదస్తుడు, తాగుడు లేదు. చేతికొచ్చే 265 దినార్లంటే అప్పటి లెక్కన యాభై ఎనిమిది వేల పైచిలుకు. సంబంధం విషయంలో నేను తప్పు చేయలేదు. ఇప్పటికీ అతను మా ఇంట్లో అందరికన్నా మంచి అల్లుడు. నా తప్పు "మూడు నెలల్లో అమ్మాయిని తీసుకెళ్ళిపోతాడు" అని నేనిచ్చిన మాట. ఆ మాట వినే చెల్లెలి భర్త ఒప్పుకున్నాడు. అతను విశాఖ పోర్టులో వించ్ డ్రైవరుగా చేసినవాడు. ఓడలొచ్చి పోవడం రోజూ చూసిన మనిషే అయినా, కూతురు పెళ్ళయ్యాక మొగుడి దగ్గర ఉండాలన్నది అతని ఒకే ఒక్క కోరిక. వేరే ఊరైనా, వేరే దేశమైనా ఇద్దరూ ఒకచోట ఉండాలి. అది నాకు తెలుసు. తెలిసే ఆ మాట ఇచ్చాను.

నన్ను ఎవరూ మోసం చేయలేదని కూడా చెప్పాలి. డాబా దిగి వచ్చాక అబ్బాయి నాతో, "మావయ్యగారూ, ఇజ్న్ అమల్‌లో జీతం వేరేగా ఉంటుంది..." అని మొదలుపెట్టాడు. ఇజ్న్ అమల్ అంటే అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాగితం. నేను అతని భుజం తట్టి, "అవన్నీ చూసుకుందాంలే బాబూ" అన్నాను. అతను పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడే రకం కాదు. ఊరుకున్నాడు.

ఇంకా ఘోరం ఆ రాత్రి జరిగింది. వాళ్ళు వెళ్ళిపోయాక అందరం భోజనాలు చేస్తుంటే మేనకోడలు నన్నడిగింది. బీకాం చదివిన పిల్ల. "మావయ్యా, 265 అన్నది చేతికొచ్చేదా, కాయితం మీద ఉన్నదా? వీసాకి ఏది చూస్తారంట?"

పదిమందిలో అడిగిందని నాకు చిన్నతనంగా తోచింది. "ఆడపిల్ల అప్పుడే జీతం కాయితాలు అడుగుతోందని తెలిస్తే సంబంధం నిలబడుతుందా?" అని గట్టిగా అన్నాను. మా చెల్లెలు కూడా కూతుర్నే కసిరింది. పిల్ల తల దించుకుని మజ్జిగన్నం కలుపుకుంది. ఆ వరండాలో, ఆ వంటింట్లో, ఆ రోజంతటిలో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

మాఘమాసంలో పెళ్ళి చేశాం. పెళ్ళయిన ఇరవై ఏడు రోజులకి అబ్బాయి సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు.

అతని కాగితంలో జీతం 150 దినార్లు. మిగతాది ఓవర్‌టైమ్, సైటు భత్యం. అవి చేతికొస్తాయి గాని ఇజ్న్ అమల్‌లోకి ఎక్కవు. అతనిది పద్దెనిమిదో నంబరు వీసా, అక్కడి మనవాళ్ళు షూన్ వీసా అంటారు. ఇళ్ళల్లో పనికి వెళ్ళేవాళ్ళది ఇరవయ్యో నంబరు, ఖాదిం వీసా. భార్యాపిల్లలకి ఇచ్చేది ఇరవై రెండో నంబరు. దానికి చూసేది కాగితంలో రాసిన జీతాన్నే. అంటే 250 గీత ఉన్న రోజునే మా అల్లుడు వంద దినార్లు తక్కువలో ఉన్నాడు. కంపెనీలో ఫోర్‌మన్ అయితే కాగితం మీద పెరుగుతుందని అతనికి ఆశ. ఆ ఆశ తీరేలోపే 2016 అక్టోబరులో కువైట్ ఆ గీతని 250 నుంచి 450కి ఎత్తేసింది.

చెల్లెలు ఏడుస్తూ ఫోను చేసింది. నేను ఏమాత్రం తడబడకుండా, "దానికేం, తక్కువైతే ఆస్తి చూపిద్దాం. నా ఇల్లు ఉంది కదా" అన్నాను. అన్నట్టే నా ఇంటికి విలువ కట్టించాను. నలభై రెండు లక్షలని ఛార్టర్డ్ ఇంజనీరు రాసిచ్చాడు. దాన్నీ, నా ఫిక్సెడ్ డిపాజిట్ల వివరాలనీ, పిల్ల బాధ్యత నాదేనని రాసి నోటరీ చేయించిన కాగితాన్నీ అల్లుడికి పంపించాను. వారం తరవాత అతను ఫోను చేశాడు. మాట చాలా మెత్తగా ఉంది. "మావయ్యగారూ, ఈ కాయితాలు ఇక్కడ ఎవరికివ్వాలో నాకు తెలీలేదండి. మా మందూబ్‌కి చూపిస్తే ఇది దేనికని అడిగాడు. ఇక్కడ ఇజ్న్ అమల్ ఒక్కటే చూస్తారండి." మందూబ్ అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. అతనికి పనికిరాని కాగితం ఆ దేశంలో ఇంకెవరికీ పనికిరాదు.

ఆ రోజున గాని నాకు తెలియలేదు, రెండు దేశాలూ జీతం అడుగుతున్నాయి గాని వాటి ఉద్దేశం ఒకటి కాదని. వచ్చిన మనిషి రేపు మా ప్రభుత్వం మీద పడితే ఎవరు చూసుకుంటారన్నది అమెరికా అడిగే ప్రశ్న. దానికి ఇల్లు జవాబు కావచ్చు, పొలం కావచ్చు, ఇంకొకడి సంతకం కావచ్చు. ఆ సంతకానికి బరువూ ఎక్కువే. వచ్చినవాళ్ళు పౌరులయ్యేదాకానో, దాదాపు పదేళ్ళ పని లెక్క పడేదాకానో సంతకం చేసినవాడు చట్టప్రకారం బాధ్యుడు. కువైట్ సంగతి వేరు. ఆ దేశంలో ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతులు బయటి దేశాలవాళ్ళు. అందులో మన దేశంవాళ్ళే అందరికన్నా ఎక్కువ. ఆ సంఖ్య ఇంకా పెరగకూడదని ఆ ప్రభుత్వం అనుకుంటోంది. అక్కడ జీతం గీత ఎవరిని రానివ్వాలో తేల్చే తలుపు. తలుపు దగ్గర మా ఇంటి విలువ ఎవరికి కావాలి? 450 అన్నది భార్యని పోషించడానికి ఎంత కావాలో కొలిచి పెట్టిన అంకె అనుకున్నాను. ఎంతమందిని ఆపాలో చూసుకుని పెట్టిన అంకె అది. నా ఎదురుగా ఉన్న రూలు ఏ పని కోసం పుట్టిందో తెలుసుకోకుండా, దాని రూపం చూసి తెలిసినదే అనుకున్నాను.

ఇక్కడితో ఆగి ఉన్నా కొంత బాగుండేది. 2017 జూన్‌లో గాజువాకలో ఒక ఏజెంటు దొరికాడు. కంపెనీ మందూబ్ తన మనిషేననీ, లక్షా ఎనభై వేలిస్తే కాగితంలో జీతం 450 అని రాయిస్తాననీ అన్నాడు. ఇచ్చిన మాట ఎలాగైనా నిలబెట్టుకోవాలని నాకు పంతం పట్టింది. నా డిపాజిట్ అప్పటికి గడువు తీరలేదు. పెళ్ళిలో మేనమామగా నేను పెట్టిన నాలుగు గాజులనే మేనకోడలు తీసిచ్చింది. ఇవ్వనని అనలేదు. ఆ రాత్రి తరవాత ఆ పిల్ల నా దగ్గర దేనికీ ప్రశ్న వేయడం మానేసింది. అది గౌరవమనుకున్నాను.

గాజులు అమ్మి డబ్బు కట్టాను. రెండు నెలలకి ఏజెంటు ఆఫీసు గదికి తాళం పడింది. అల్లుడికి ఈ సంగతి తరవాత తెలిసింది. అతను నా మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "మావయ్యగారూ, దొంగ జీతం కాయితం దొరికితే పట్టుకునేది నన్ను కదండీ. ఉద్యోగం పోయేది, ఇంకెప్పుడూ రానిచ్చేవాళ్ళు కాదు." డబ్బు పోవడం మా అదృష్టమని అప్పుడర్థమైంది. ఆ ఏజెంటు మాట నిలబెట్టుకుని ఉంటే నేను అల్లుడి వాళ్ళ ఇంటిని కూడా కూల్చేసేవాణ్ణి.

తరవాతి సంవత్సరాలు త్వరగానే చెబుతాను. 2018లో అల్లుడు సెలవుకొచ్చాడు. 2019 ఫిబ్రవరిలో బాబు పుట్టాడు. ఆ ఏడాదే ఆగస్టులో గీత 500కి వెళ్ళింది. బాబు తండ్రిని మొదటిసారి మనిషిగా చూసింది 2021 జనవరిలో, దాదాపు రెండేళ్ళ వయసులో. ఫోనులో కనపడే నాన్న గదిలో నిలబడితే జడుసుకుని తల్లి వెనక్కి పోయాడు.

ఆ సెలవు నెలన్నర కోసం. ఫిబ్రవరి 7 నుంచి కువైట్ బయటివాళ్ళ రాకని ఆపేసింది. కరోనా. ఆగస్టు 1న మళ్ళీ తెరిచారు గాని విమానం దొరికి అతను వెళ్ళేసరికి సెప్టెంబరు అయింది. ఆ నెలలన్నీ గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో రోజు కూలీకి వెల్డింగ్ చేశాడు. నెలకి పద్దెనిమిది వేలు దాటలేదు. ఇంటి అప్పు వాయిదాలు ఆగిపోయాయి. కాని కరోనా కర్ఫ్యూ సడలించాక ఒక ఆదివారం సాయంత్రం అప్పికొండ తీరానికి వెళ్తే వాళ్ళు ముగ్గురూ ఎదురయ్యారు. బాబు తండ్రి మెడ మీద కూర్చుని ఉన్నాడు. మేనకోడలు చెప్పులు చేతిలో పట్టుకుని ఇసకలో నడుస్తోంది. పెళ్ళయిన అయిదేళ్ళకి ఆ పిల్ల మొహంలో నేను మొదటిసారి చూసిన నెమ్మది అది. నేను వాళ్ళని పలకరించకుండా అక్కడి గుడివైపు తిరిగిపోయాను. మొహం చూపించలేకపోయాను.

2022లో కువైట్ కుటుంబ వీసాలే ఆపేసింది. 2024 జనవరి చివర్లో మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడొక ఆదివారం మేనకోడలు బాబుని తీసుకుని మా ఇంటికొచ్చి ఫోనులో వార్త చూపించింది. "800 అట మావయ్యా. డిగ్రీ కూడా ఉండాలంట." అంతే అని మా ఆవిడకి సాయం చేయడానికి వంటింట్లోకి వెళ్ళింది. 800 దినార్లంటే నెలకి రెండు లక్షల పదహారు వేలు. మా అల్లుడి కాగితం మీద జీతం ఎనిమిదేళ్ళకి 150 నుంచి 230కి పెరిగింది. కొన్ని నెలలకి డిగ్రీ షరతు సడలించారు. 800 మాత్రం అలాగే ఉంచారు. ఒక్కసారి చూసి రావడానికైనా వీలవుతుందేమోనని ఆ ఫిబ్రవరిలో తెరిచిన విజిట్ వీసా సంగతి కనుక్కున్నాం. భార్యాపిల్లలకైతే 400 దినార్లు ఉండాలన్నారు. అక్కడా సగం దారిలోనే ఆగాం.

వచ్చెయ్యొచ్చు కదా అని మీకనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. ఇంటి అప్పు, తన చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు, ఆటోనగర్ కూలీ, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని అతను ప్రతి సెలవులోనూ లెక్క వేసుకుంటాడు. ప్రతిసారీ టికెట్ కొనుక్కుంటాడు.

మేనకోడలు ఇప్పుడు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో పనిచేస్తోంది. షిప్పింగ్ బిల్లులు తయారుచేస్తుంది. ఇన్వాయిస్‌లో బరువు ఒకటి, ప్యాకింగ్ లిస్టులో ఇంకొకటి ఉంటే కంటెయినర్ కదలదని చెబుతుంది. నిరుడు దసరాకి ఆమెతో ఒంటరిగా కూర్చుని, ఏళ్ళుగా దాచుకున్న మాట చెప్పాను. "ఆ రాత్రి నువ్వడిగిందే అసలు ప్రశ్న తల్లీ. నేను నీ నోరు మూయించాను. తప్పు నాది." ఆమె కాసేపు బాబు పుస్తకాలు సర్దుతూ ఉండిపోయింది. "అప్పుడు నేను ఇంకోసారి అడగాల్సింది మావయ్యా" అంది.

నన్ను తిట్టి ఉంటే భరించేవాణ్ణి. నా తప్పులో తన వాటా వెతుక్కుంటుంటే ఏం చెయ్యను?

ఈ మధ్య ఎవరైనా విదేశీ సంబంధం గురించి సలహాకొస్తే నేను సలహా ఇవ్వడం లేదు. కాగితం తెమ్మంటున్నాను. ఏ నంబరు వీసా, అనుమతిలో జీతం ఎంతని రాసి ఉంది, ఆ దేశం ఈ నెలలో అడుగుతున్న అంకె ఎంత, ఆస్తిగాని ఇంకొకరి సంతకంగాని ఒప్పుకుంటుందా అని అడుగుతున్నాను. తేలకపోతే ఆ దేశపు వీసా వెబ్‌సైటులో నేరుగా చూడమంటాను, లేదా ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సంస్థకి ఫోను చేయమంటాను. బ్రిటన్‌లో భార్యని తెచ్చుకోవడానికి 2012లో 18,600 పౌండ్లు చాలేవి, 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 అడుగుతున్నారు. సింగపూర్‌లో భార్యకి నెలజీతం 6,000 సింగపూర్ డాలర్లు, తల్లిదండ్రులకి 12,000. కెనడాలో క్యూబెక్ తప్ప మిగతా చోట్ల తల్లిదండ్రుల్ని శాశ్వతంగా పిలవాలంటే మూడేళ్ళ ఆదాయం పన్ను కాగితాల్లో కనపడాలి, ఇరవై ఏళ్ళు పోషిస్తానని రాసివ్వాలి. నిశ్చితార్థం నాటి అంకె కాపురానికి వెళ్ళేనాటికి ఉంటుందన్న హామీ ఏ దేశమూ ఇవ్వడం లేదు. అందుకే "మూడు నెలల్లో తీసుకెళ్తాడు" అనే మాట ఎవరి నోటా రాకూడదని నా ప్రాణం కొట్టుకుంటుంది. తీసుకెళ్ళలేకపోతే ఏం చేస్తామన్నది ముందే, పిల్లని కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆ మాటకి కూడా ఒప్పుకుని పెళ్ళి చేసుకుంటే అది ఆమె నిర్ణయం. మా పిల్లకి ఆ అవకాశం నేనివ్వలేదు.

మీ ఇంట్లో ఆడపిల్ల కాగితం ఏదని అడిగితే దయచేసి కసరకండి. చూపించండి. మీ దగ్గర లేకపోతే లేదనండి.

మొన్న అల్లుడు సెలవుకొచ్చినప్పుడు పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాను. ముద్రలన్నీ వరసగా కాగితం మీద రాసి లెక్కపెట్టాను. 2016లో పెళ్ళయ్యాక 27 రోజులు. 2018లో 58. 2021లో 232. 2023లో 44. 2025లో 45. పదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఒక ఇంట్లో ఉన్నది 406 రోజులు.